మురుగు ఆగితే ముందు అడ్డు ఎక్కడో కనిపెట్టండి: తిరుపతి గృహస్థులకు సమగ్ర మార్గదర్శి

వంటింటి సింకులో నీరు నిలవగానే చాలా ఇళ్లలో బాత్రూం యాసిడ్ సీసా బయటికి వస్తుంది. దానితో పని జరగకపోతే వెదురు బద్దలు పట్టుకుని వచ్చే మనిషికి ఫోను వెళ్తుంది. ఈ రెండింటికీ ముందు చేయవలసిన పని ఒకటుంది. అడ్డు ఎక్కడ పడిందో తెలుసుకోవాలి. అందుకు పావుగంట చాలు. ఆ పావుగంట దాటవేసిన ఇళ్లలోనే పగలగొట్టనవసరం లేని టైల్స్ పగులుతాయి, మంచి పైపులు పాడవుతాయి. సెప్టిక్ ట్యాంకు విషయంలోనైతే మనుషుల ప్రాణాలే పోతాయి.

అద్దె ఇంట్లో ఉన్నవారికి, సొంత ఇల్లున్నవారికి, కొత్తగా కట్టుకుంటున్నవారికి కూడా పనికివచ్చేలా క్రమంగా చెబుతాను. ముందుగా మన ఊరి సంగతి చూద్దాం. మురుగు సమస్య ప్రతి ఊళ్లోనూ ఉన్నా, దాని కారణాలు మాత్రం ఊరి నేలను, నీటిని, వానను బట్టి మారుతాయి.

తిరుపతిలో మురుగు ఎందుకు ఆగుతుంది?

ఊరు శేషాచలం కొండల పాదాన మొదలై దక్షిణంగా స్వర్ణముఖి వైపు వాలుతుంది. కపిలతీర్థం చుట్టుపక్కల ఎగువ వీధులకు ఈ వాలు వరం. కానీ కొండ మీద కురిసిన వాన కూడా అదే దారిన ఊళ్లోకి దిగుతుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ రోజుల్లో పల్లపు కాలనీల్లోని వీధి గొట్టాలు వాన నీటితో నిండిపోతాయి. ఇంటి మురుగుకు బయట చోటు దొరక్క అది వెనక్కి తన్ని, కింది అంతస్తు బాత్రూంలో పైకి వస్తుంది. ఇంట్లో ఎంత బాగు చేయించినా ఈ రకం సమస్య తీరదు. దానికి వేరే మందు ఉంది, తర్వాత చెబుతాను.

రెండో కారణం బోరు నీరు. కల్యాణి డ్యాం నీరు, తెలుగు గంగ నీరు కొళాయిల్లో వచ్చినా, ఇళ్లు చాలావరకు బోరును కూడా నమ్ముకుని ఉంటాయి. రాతి నేలలోంచి వచ్చే ఈ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. బకెట్ల అంచున, కొళాయి మూతి దగ్గర తెల్లగా పేరుకునేది అదే. ఈ లవణాలు సబ్బుతో కలిసి నీటిలో కరగని జిగురు ముద్దగా మారతాయి. దానికి తలవెంట్రుకలు తోడైతే బాత్రూం జాలీ కింద పీచులాంటి గడ్డ తయారవుతుంది. కుంకుడు తొక్కలు, శీకాయ పొడి, నలుగు పిండి వాడే ఇళ్లలో అది ఇంకా త్వరగా గట్టిపడుతుంది. వాటిని మానమని చెప్పను. కుంకుడు రసాన్ని గుడ్డలో వడకట్టి వాడితే చాలు.

మూడోది వంటిల్లు. సంగటి గిన్నె నానబెట్టిన నీళ్లు, గంజి, శనగకాయల పచ్చడి గిన్నె అడుగు, చింతపండు పిప్పి, నేయి, పోపు నూనె అన్నీ సింకులోకే పోతాయి. పిండిపదార్థం గొట్టం అడుగున పేరుకుంటుంది, జిడ్డు దాన్ని పట్టి ఉంచుతుంది. గిన్నెలు తోమే బూడిద, వాకిలి కడిగినప్పుడు కొట్టుకొచ్చే ముగ్గుపిండి, ఇసుక చాంబరు (గొట్టాలు కలిసే చోట మూతతో కట్టిన తొట్టి) అడుగున సిమెంటులా బిగుస్తాయి.

నాలుగోది అతిథులు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి వచ్చాయంటే నలుగురుండే ఇంట్లో పదిహేను మంది ఉంటారు. గుండు చేయించుకుని వచ్చినవారి స్నానంతో రాలే చిన్న వెంట్రుకలు జాలీ రంధ్రాల్లోంచి సులువుగా జారిపోతాయి. పసిపిల్లల డైపర్లు, శానిటరీ ప్యాడ్లు మరుగుదొడ్డిలో పడేది ఎక్కువగా ఇలాంటి రోజుల్లోనే. బాత్రూంలో మూత ఉన్న చెత్తబుట్ట పెట్టడం, దాని సంగతి వచ్చినవారికి మొదటి రోజే చెప్పడం మర్యాదకు లోపం కాదు.

మొదటి పని: మీ మురుగు ఎక్కడికి పోతుందో తెలుసుకోవడం

మీ ఇల్లు నగరపాలక సంస్థ భూగర్భ డ్రైనేజీకి కలిసి ఉందా, లేక సెప్టిక్ ట్యాంకు ఉందా? చాలామంది దీనికి వెంటనే జవాబు చెప్పలేరు. ఊరి నడిబొడ్డున ఎక్కువగా భూగర్భ డ్రైనేజీ, శివార్లలో, కొత్త లేఅవుట్లలో ఎక్కువగా సెప్టిక్ ట్యాంకు ఉంటాయి. పాత ఇళ్లలో రెండూ కలగలిసి ఉండవచ్చు: మరుగుదొడ్డి ట్యాంకుకు, స్నానపు నీరు, వంటింటి నీరు వీధి కాలువకు. సందేహం ఉంటే వార్డు సచివాలయంలో అడిగితే కనెక్షను ఉందో లేదో చెబుతారు.

తర్వాత ఇంటి చుట్టూ తిరిగి మూతలన్నీ లెక్కపెట్టండి. వంటింటి, స్నానపు నీళ్లు దిగే గల్లీ ట్రాప్ (ట్రాప్ అంటే కంపు వెనక్కి రాకుండా కొంత నీరు నిలిచే వంపు), మరుగుదొడ్డి గొట్టం కలిసే చాంబరు, గేటు దగ్గర వీధిలోకి వెళ్లే ముందున్న చివరి చాంబరు. ఒక కాగితం మీద వీటి స్థానాలు గీసి, ఫొటో తీసి ఫోనులో ఉంచుకోండి. ఏ గొట్టం ఎందులోకి వస్తుందో తేలకపోతే బకెట్టు నీటిలో ఎర్ర ముగ్గు రంగు కలిపి పైన పోయించి, మూత తీసి చూడండి. ముఖ్యంగా చూడవలసింది, మూతల మీద టైల్స్ వేసి మూసేశారా అన్నది. పార్కింగు అందంగా కనిపించాలని చాంబరు మీద గ్రానైటు పరిచిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అడ్డు పడిన రోజున ఆ అందానికి సుత్తి దెబ్బలు తప్పవు. ఇప్పుడే అక్కడ అదే రాయిని చట్రంలో బిగించిన ఎత్తే మూత పెట్టించుకోండి.

రెండో పని: అడ్డు పడిన చోటు కనిపెట్టడం

ఇదే అసలు విద్య. ఎలా చూడాలో వరుసగా చెబుతాను.

1. ఒక్క సింకో, ఒక్క బేసినో మాత్రమే ఆగిందా? అయితే అడ్డు దాని కిందే, చాలావరకు ట్రాప్‌లోనే ఉంటుంది. బయటి మనిషి అవసరం లేదు.

2. ఒకే బాత్రూంలోని షవరు, బేసిను, బట్టలు ఉతికే యంత్రం అన్నీ నెమ్మదించాయా? అడ్డు ఆ గది నహానీ ట్రాప్ (నేల మీది జాలీ కింద ఉండే ట్రాప్) దగ్గరో, అక్కడి నుంచి గోడ దాటే గొట్టంలోనో ఉంది.

3. ఒక చోట నీళ్లు పోస్తే ఇంకో చోట గుడగుడ శబ్దం వచ్చినా, మరుగుదొడ్డిలో నీరు వదిలితే స్నానపు జాలీలోంచి మురుగు పైకి వచ్చినా, అడ్డు అన్నీ కలిసే పెద్ద గొట్టంలో ఉంది. ఇంట్లో ఇక నీళ్లు వాడకండి. పై అంతస్తు వారికి కూడా చెప్పండి. వారు పోసే ప్రతి బకెట్టూ కింది ఇంట్లో తేలుతుంది.

4. ఇప్పుడు ఇంటికి దగ్గరగా ఉన్న చాంబరు మూత తీయండి. ముఖం దూరంగా పెట్టి, గాలి ఆడనిచ్చి, తర్వాత చూడండి. చాంబరు ఖాళీగా ఉంటే అడ్డు ఇంటికీ చాంబరుకీ మధ్య ఉంది. నిండుగా ఉంటే అడ్డు దాని దిగువన ఉంది. తర్వాతి చాంబరు తీయండి. అది ఖాళీ అయితే ఈ రెండింటి మధ్యే. అదీ నిండి ఉంటే ఇంకా ముందుకు.

5. గేటు దగ్గరి చివరి చాంబరు కూడా నిండి ఉంటే సమస్య వీధి గొట్టంలో ఉండవచ్చు. పక్కింటివారిని అడగండి. వారిదీ అదే పరిస్థితి అయితే ఇది నగరపాలక సంస్థ పని. వార్డు సచివాలయంలో ఫిర్యాదు రాయించి, సంఖ్య తీసుకోండి. వీధి మ్యాన్‌హోలు మూత మీరు తీయకండి, ఎవరి చేతా తీయించకండి. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇంట్లో చివరి చాంబరు నిండిందంటే ట్యాంకు నిండిందని గానీ, ఇంకుడు గుంత పూడిందని గానీ అర్థం.

6. కంపు మాత్రమే వస్తూ నీరు బాగానే పోతుంటే అడ్డు లేనట్టే. వాడని బాత్రూంలో నహానీ ట్రాప్ ఎండిపోయి ఉంటుంది. ఆ ట్రాప్‌లో నిలిచే రెండు అంగుళాల నీరే గొట్టంలోని వాయువును ఇంట్లోకి రానివ్వకుండా ఆపేది. మన ఎండలకు అది త్వరగా ఆరిపోతుంది. వారానికోసారి రెండు చెంబుల నీళ్లు పోస్తే చాలు. దీనికే ప్లంబరును పిలిచి డబ్బు ఇచ్చేవారున్నారు.

మూడో పని: ఇంట్లోనే తీయగలిగిన అడ్డులు

చేతి తొడుగులు, బకెట్టు, టార్చి, రబ్బరు ప్లంజరు, హార్డ్‌వేరు దుకాణంలో దొరికే ఇంటి స్ప్రింగు (గొట్టంలోకి పంపే, చివర కొక్కెం ఉన్న పొడవాటి తీగ) ఉంటే ఇక్కడి పనులన్నీ అవుతాయి.

సింకు, బేసిను: కింద బకెట్టు పెట్టి బాటిల్ ట్రాప్ (సింకు కింద సీసాలా వేలాడే ట్రాప్) అడుగు గిన్నెను చేత్తో తిప్పి ఊడదీయండి. పకడ్‌తో బిగించి తిప్పితే ప్లాస్టిక్ మరలు తెగుతాయి. ముద్దను తీసేసి, వాషరు చిరగలేదని చూసి తిరిగి బిగించండి. ట్రాప్ శుభ్రంగానే ఉంటే అడ్డు గోడలోకి వెళ్లే గొట్టంలో ఉన్నట్టు. అక్కడికి స్ప్రింగు తిప్పుతూ పంపండి. తగిలిన చోట బలంగా పొడవకుండా తిప్పుతూనే ఉంటే కొక్కెం ముద్దలో గుచ్చుకుంటుంది. అప్పుడు నెమ్మదిగా వెనక్కి లాగండి. ముందుకు తోసిన ముద్ద ఇంకో వంపులో ఇరుక్కుంటుంది, బయటికి లాగిన ముద్ద మళ్లీ రాదు.

ప్లంజరు వాడేటప్పుడు బేసిను పై రంధ్రాన్ని తడి గుడ్డతో గట్టిగా మూయాలి. లేకపోతే ఒత్తిడి అంతా అటే పోతుంది. రబ్బరు గిన్నె మునిగేంత నీరు ఉంచి, పదిహేను ఇరవై సార్లు ఎడతెగకుండా నొక్కి, చివర ఒక్కసారి గట్టిగా పైకి లాగండి.

నహానీ ట్రాప్: జాలీ ఎత్తి, లోపలి గిన్నె తీసి, వెంట్రుకల గడ్డను కొక్కెంతో లాగండి. జాలీకి, గిన్నెకు పట్టిన తెల్లటి పొరకు నిమ్మ ఉప్పు కలిపిన వేడి నీళ్లు మంచివి. రాత్రంతా నానబెడితే ఉదయానికి బ్రష్షుతో వదులుతుంది. లోపలి గిన్నెను తిరిగి పెట్టడం మరచిపోవద్దు. నీరు త్వరగా పోతుందని దాన్ని తీసి పారేసేవారు కంపును, బొద్దింకలను ఇంట్లోకి రమ్మన్నట్టే.

మరుగుదొడ్డి: మరుగుదొడ్డికి సరిపోయే ప్లంజరు వాడండి. వెదురు బద్దతో, ఇనుప చువ్వతో పొడిస్తే పింగాణీ వంపు పగులుతుంది. అప్పుడు కమోడు మొత్తం మార్చాలి.

వంటింటి జిడ్డు: వాషింగ్ సోడా నాలుగు చెంచాలు వేసి, చెయ్యి ఓర్చుకోగల వేడికి కొంచెం ఎక్కువ వేడి నీళ్లు పోయండి. పదిహేను రోజులకోసారి ఇలా చేస్తే జిడ్డు పేరుకోదు. సలసల కాగే నీళ్లు పీవీసీ గొట్టాన్ని మెత్తబరుస్తాయి, అతుకులు వదులవుతాయి. గంజి వార్చేటప్పుడు కూడా సింకులో వేడిగా పోయకండి. వంటసోడా, వెనిగరు కలిపితే నురగ బాగా వస్తుంది గానీ రెండూ ఒకదాన్నొకటి చల్లార్చుకుని మిగిలేది దాదాపు ఉప్పునీరే.

యాసిడ్ గురించి గట్టిగా చెప్పాలి. వెంట్రుకలు, జిడ్డు బాత్రూం యాసిడ్‌కు కరగవు. అది తినేసేది సిమెంటు అతుకులను, టైల్స్ మధ్య పూతను, లోహపు జాలీలను. యాసిడ్ పోసిన తర్వాత బ్లీచింగు పొడి చల్లితే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ లేని చిన్న బాత్రూంలో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. కాస్టిక్ సోడా రకం పొడులు జిడ్డును కొంత కరిగిస్తాయి కానీ పూర్తిగా మూసుకుపోయిన గొట్టంలో గడ్డకట్టి రాయిలా కూర్చుంటాయి. మీరు ఏదైనా పోసి ఉంటే, తర్వాత వచ్చే పనివారికి ఆ మాట మొదటే చెప్పండి. గొట్టం విప్పినప్పుడు అది పడేది వారి ముఖం మీద.

నాలుగో పని: పనివారిని పిలిచేటప్పుడు

పెద్ద గొట్టంలో అడ్డు అని తేలితే ఇక సొంత ప్రయత్నం వద్దు. మీరు కనిపెట్టినదంతా ఫోనులోనే చెప్పండి: ఏ రెండు చాంబర్ల మధ్య, గొట్టం పీవీసీనా, పాత పింగాణీ గొట్టమా, ఎన్ని అంగుళాలు. దీనిని బట్టే వారు ఏ యంత్రం తేవాలో తెలుస్తుంది.

మోటారుతో తిరిగే స్ప్రింగు యంత్రం వెంట్రుకలకు, గుడ్డలకు, వేర్లకు బాగా పనిచేస్తుంది. జిడ్డుకు అది రంధ్రం మాత్రమే చేస్తుంది. రెండు మూడు నెలల్లో గొట్టం మళ్లీ మూసుకుంటుంది. జిడ్డుకు, బురదకు నీటి జెట్టింగు, అంటే పెద్ద ఒత్తిడితో నీరు చిమ్మి కడగడం, సరైనది. దాని ముక్కుకు ఉన్న వెనుక రంధ్రాల్లోంచి దూసుకొచ్చే నీరు యంత్రపు పైపును ముందుకు నడిపిస్తూ చెత్తను వెనక్కి కడుగుతుంది. అందుకే దిగువ చాంబరు నుంచి ఎగువకు పంపాలి. అలా పంపినప్పుడు చెత్త మీ కళ్ల ముందే చాంబరులోకి వస్తుంది. దాన్ని అక్కడే ఎత్తించండి, వీధి గొట్టంలోకి తోయనివ్వకండి. సిమెంటు అతుకుల పాత గొట్టాలకు, ఇంటి నాలుగంగుళాల పీవీసీకి లారీ యంత్రపు పూర్తి ఒత్తిడి పెట్టకూడదు.

ఒకే చోట ఏడాదిలో రెండోసారి ఆగిందంటే అది శుభ్రం చేయడంతో తీరేది కాదు. గొట్టం కుంగి ఉండవచ్చు, అతుకులోంచి వేర్లు వచ్చి ఉండవచ్చు, వాలు తప్పి ఉండవచ్చు. అప్పుడు కెమెరా పెట్టి చూపించమని అడగండి. వీడియో చూడకుండా, కచ్చితమైన చోటు తెలియకుండా టైల్స్ పగలగొట్టడానికి ఒప్పుకోవద్దు.

ధర గంటకా, పనికా, గొట్టం పొడవుకా అన్నది ముందే తేల్చుకోండి. పని అయ్యాక పై అంతస్తు నుంచి ఒకేసారి నాలుగైదు బకెట్లు పోయించి, ప్రతి చాంబరు దగ్గరా నిలబడి చూడండి. నీరు ఆగకుండా, మట్టం పెరగకుండా పోవాలి. డబ్బు ఇచ్చేది ఆ తర్వాతే.

సెప్టిక్ ట్యాంకు: మనిషిని దింపకండి

సాధారణంగా రెండు మూడేళ్లకోసారి ట్యాంకు తోడించాలి. అడుగు బురద ట్యాంకు లోతులో మూడో వంతుకు చేరితే ఆలస్యం చేయకూడదు. పొడవాటి కర్రకు తెల్ల గుడ్డ చుట్టి మూత దగ్గరి నుంచే నిలువుగా దించి తీస్తే నల్లటి గుర్తు బురద ఎత్తును చూపిస్తుంది.

ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వాయువులు ఉంటాయి. మొదటిది కొంచెం ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కుకు వాసన తెలియకుండా పోతుంది. దిగిన మనిషి రెండు మూడు శ్వాసల్లో కూలిపోతాడు. అతన్ని కాపాడబోయి దిగినవారు కూడా పోతారు. రెండోది మండే వాయువు. అగ్గిపుల్ల గీసి పరీక్షించడం అంతకన్నా ప్రమాదం. ఎవరైనా లోపల పడిపోతే మీరు దిగకండి. వెంటనే 101కి, 108కి ఫోను చేయండి.

2013 నాటి చట్టం ప్రకారం ఎవరినైనా ప్రమాదకరంగా మురుగు గొట్టంలో, సెప్టిక్ ట్యాంకులో శుభ్రం చేయడానికి పెట్టుకోవడం నేరం. ఇది ఇంటి యజమానికీ వర్తిస్తుంది. మొదటి నేరానికే రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇలా చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలుగా, 2023 అక్టోబరులో 30 లక్షలుగా చెప్పింది. ‘కొంచెమే ఉంది, దిగి తీసేస్తా’ అని మనిషే ముందుకు వచ్చినా ఒప్పుకోకండి. అతనికి ఆ రోజు కూలి అవసరం, అందుకే అంటాడు. కాదనవలసిన బాధ్యత మనది. యంత్రపు సేవ కోసం 14420 నంబరు ఉంది.

సక్షన్ లారీ పిలిచేటప్పుడు నాలుగు విషయాలు అడగండి: ట్యాంకరు ఎన్ని లీటర్లు, ట్రిప్పుకు ఎంత, గొట్టం ఎంత పొడవు, ఎక్కడ ఖాళీ చేస్తారు. చివరి ప్రశ్నకు జవాబు శుద్ధి కేంద్రం అయి ఉండాలి. చెరువు గట్టునో, స్వర్ణముఖి ఒడ్డునో రాత్రిపూట వదిలేస్తే అదే మురుగు మళ్లీ మన బోర్లలోకి ఇంకుతుంది. ట్యాంకును అద్దంలా కడిగించాల్సిన పని లేదు. అడుగున కొద్దిగా బురద మిగిలితే అందులోని సూక్ష్మజీవులు పనిని తిరిగి మొదలుపెడతాయి. ఫినాయిలు, యాసిడ్ పోసి వాటిని చంపకండి.

వానల్లో చేయకూడని పని

2021 నవంబరు వానల తర్వాత ఎం.ఆర్.పల్లి శ్రీకృష్ణానగర్‌లో శుభ్రం చేస్తుండగా ఒక ఇంటి నీటి సంపు, సిమెంటు రింగులతో సహా భూమిలోంచి పైకి లేచింది. లోపల ఉన్న మహిళ స్వల్ప గాయాలతో బయటపడింది. ఊరంతా వింతగా చూసినా కారణం తేలికే. వానలకు భూగర్భ జలమట్టం నేల దగ్గరికి వచ్చింది. వెయ్యి లీటర్ల చోటు ఆక్రమించిన తొట్టిని చుట్టూ ఉన్న నీరు టన్ను బరువుతో పైకి తోస్తుంది. లోపల నీరున్నంత కాలం ఆ బరువు ఎదురు నిలుస్తుంది, ఖాళీ చేయగానే ఆపేది ఉండదు. సెప్టిక్ ట్యాంకుకూ ఇదే సూత్రం. కనుక నేల తడిసి ముద్దయిన రోజుల్లో సంపును గానీ, ట్యాంకును గానీ పూర్తిగా ఖాళీ చేయించకండి. తప్పనిసరి అయితే సగమే తోడించండి.

వీధి గొట్టం నుంచి వెనక్కి తన్నే మురుగుకు మందు నాన్ రిటర్న్ వాల్వు, అంటే నీటిని బయటికే పోనిచ్చి వెనక్కి రానివ్వని పలక. గేటు దగ్గరి చివరి చాంబరులో, తీసి కడగడానికి వీలుగా పెట్టించాలి. అది మూసుకున్నప్పుడు మీ ఇంటి నీరు కూడా బయటికి పోదని గుర్తుంచుకుని ఆ గంటల్లో వాడకం తగ్గించండి. ఇక మిద్దె మీది వాన నీటి గొట్టాన్ని మురుగు చాంబరులో కలిపి ఉంటే వెంటనే విడదీయించండి. వీధి గొట్టాలు పొంగడానికి ఇదొక పెద్ద కారణం. ఆ నీటిని ఇంకుడు గుంతకు మళ్లిస్తే మీ బోరుకే మేలు.

ఏడాదికి ఒక్కసారి చేయదగిన పనులకు సరైన సమయం ఆగస్టు, సెప్టెంబరు మొదటి వారాలు. బ్రహ్మోత్సవాల రద్దీ, ఈశాన్య వానలు రెండూ ఇంకా రాకముందు చాంబర్ల అడుగు ఇసుక తీయించండి, గడువైతే ట్యాంకు తోడించండి, నాన్ రిటర్న్ వాల్వు పలక ఆడుతోందో లేదో చూడండి.

కొత్తగా కడుతున్నవారికి

నాలుగంగుళాల మురుగు గొట్టానికి అడుగుకు పావు అంగుళం వాలు ఇవ్వండి. మలుపు వచ్చిన ప్రతిచోటా మూత ఉన్న డోర్ బెండు వేయించండి, లంబంగా తిప్పే బదులు రెండు చిన్న వంపులు పెట్టించండి. వంటింటి గొట్టానికి గల్లీ ట్రాప్ ముందు జిడ్డు ఆగే చిన్న చాంబరు కట్టిస్తే తర్వాతి బాధలు సగం తప్పుతాయి. గాలి గొట్టాన్ని మిద్దె మీదికి తీసుకెళ్లి, దోమలు చొరకుండా జాలీ కట్టించండి. గొట్టాల మీద మట్టి కప్పే ముందు చివర మూసి నీళ్లు నింపి రాత్రంతా ఉంచండి. ఉదయానికి మట్టం తగ్గితే అతుకు కారుతున్నట్టే, దాన్ని సరిచేయించండి. తగ్గకపోతే గోడల నుంచి దూరాలు కొలిచే టేపు కనిపించేలా అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, అప్పుడు మేస్త్రిని కప్పమనండి.